ఇంటికొచ్చాక ఎవరి మాటా వినబుద్ధి కావట్లేదు. సైకియాట్రిస్టులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

ఓపీ_చీటీ
జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టుని. ఊరు చెప్పను. విభాగం మొత్తానికి డాక్టర్ని నేనొక్కడినే. సోమవారం ఓపీ 110 దాటుతుంది. తొమ్మిదికి కూర్చుంటే రెండింటికి లేస్తాను, అంటే మనిషికి మూడు నిమిషాలు కూడా రాదు.

మొన్న రాత్రి మా పాప (రెండో తరగతి) పక్కన పడుకుని "నాన్నా, మా బెంచీ అమ్మాయి నాతో మాట్లాడట్లేదు" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "ఎన్ని రోజుల నుంచి?" అది కూడా ఓపీ గొంతుతో. "నిద్ర పడుతోందా, ఆకలి అవుతోందా" అని అడగబోయి ఆగాను. పిల్ల దిండు తీసుకుని వాళ్ళమ్మ గదిలోకి వెళ్ళిపోయింది.

పేషెంట్ల కష్టాలు విని విని ఇలా అయ్యానంటే నేను నమ్మను. తొమ్మిదేళ్ళుగా వింటున్నా. ఇంట్లో ఎవరు నోరు తెరిచినా "తొందరగా చెప్పు" అనిపిస్తోంది, అదీ నా బాధ. ఎవరికైనా ఇలా అయిందా? ఏం చేశారు? యోగా, ప్రాణాయామం అని మాత్రం చెప్పకండి. అవి నేనే రోజుకు ముప్పై మందికి చెప్తున్నా.

ఎముకల_రాజు
అర్ధరాత్రి రెండింటికి లారీ గుద్దిన కేసు మాకొస్తుంది. మీకు రక్తం లేదు, కుట్లు లేవు, కుర్చీలో కూర్చుని మాటలు. మీకూ టెన్షనేనా సార్? సరదాకే అన్నా, కొట్టకండి.

నైట్‌డ్యూటీ_పీజీ
రాజు గారూ, నిన్న రాత్రి ఒకాయన బాగా ఉద్రేకంలో ఉంటే శాంతపరిచే సెరినేస్, ఫెనర్గన్ ఇంజెక్షన్ చేసేలోపు నా కళ్ళజోడు రెండు ముక్కలైంది, కనుబొమ్మ చిట్లింది. పట్టుకోవడానికి నలుగురు ఉండాల్సిన చోట ఒక్కడే ఉన్నాడు, ఆయనకీ యాభై ఎనిమిదేళ్ళు. రక్తం ఉంది సార్, కాకపోతే మాది.

ఎముకల_రాజు
సారీ తమ్ముడూ. కుట్లు పడ్డాయా?

నైట్‌డ్యూటీ_పీజీ
రెండు. మీ డిపార్ట్‌మెంట్ వాళ్ళని పిలిస్తే "ఇది ప్లాస్టిక్ సర్జరీ వాళ్ళ పని" అన్నారు.

లిథియం_లక్ష్మి
ఓపీ_చీటీ గారూ, ఆ "ఎన్ని రోజుల నుంచి" మా ఇంట్లోనూ ఉంది. మా వారు "తలనొప్పి" అంటే చాలు, ముందు అదే అడుగుతా. ఇప్పుడు ఆయనే ముందుగా చెప్పేస్తున్నారు: "రెండు రోజుల నుంచి, ఎడమ పక్క, వాంతులు లేవు, ఫిట్స్ లేవు, కుటుంబంలో ఎవరికీ లేదు."

కానీ కథలు విని కాదు అన్నారు చూడండి, అక్కడ నేను ఒప్పుకోను. మీరు వినట్లేదు కాబట్టే అలసిపోతున్నారు. మూడు నిమిషాల్లో వినడం కుదరదు, ఆపడం ఒకటే కుదురుతుంది. రోజుకు నూట పదిసార్లు మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టి వస్తున్నారు. ఇంటికొచ్చాక చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఓపీ_చీటీ
లక్ష్మి గారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నిజమే అనుకుంటా.

భ్రమర_సైకాలజీ
నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఇలా పనిలో అరిగిపోవడానికి బర్నౌట్ అనే మాటను 1974లో వాడుకలోకి తెచ్చిన ఫ్రాయిడెన్‌బర్గర్ కూడా మనలాంటి వాడే. న్యూయార్క్‌లో పగలంతా సొంత ప్రాక్టీసు, సాయంత్రమైతే ఉచిత క్లినిక్. మిగతావాళ్ళతో పాటు తను కూడా అరిగిపోతుంటే గమనించి రాసిందే అది. తర్వాత 1981లో మాస్లాక్ అనే సైకాలజిస్టు దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. అందులో మూడు ముక్కలు: అలసట, ఎదుటి మనిషి వస్తువులా కనిపించడం, నా పని దండగ అనిపించడం. మీరు చెప్పింది రెండోది.

లీడ్స్_తెలుగోడు
డబ్ల్యూహెచ్‌ఓ దాన్ని జబ్బుల లెక్కలో వెయ్యలేదు కూడా. వాళ్ళ జబ్బుల జాబితా ఐసీడీ-11లో ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అని రాసి వదిలేశారు.

నైట్‌డ్యూటీ_పీజీ
అందుకే లీవ్ లెటర్‌లో బర్నౌట్ అని రాస్తే నవ్వుతారు. వైరల్ ఫీవర్ అని రాస్తే సంతకం పెడతారు.

కల్లుదుకాణం_బాధితుడు
నేను తెలంగాణ వైపు. జనం కథలతో నేను అలసిపోలేదు అన్నా, లెక్కలతో అలసిపోయిన. 2020 లాక్‌డౌన్‌ల కల్లు దుకాణాలు, మందు దుకాణాలు ఒక్కసారే బంద్ అయినయ్. కల్లుల కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం సంగతి మీకు తెలిసిందే. తాగేటోనికి అది కల్లే, ఒంటికి మాత్రం నిద్రమాత్ర. ఆపేసిన రెండు మూడు రోజులకు ఫిట్స్, ఒళ్ళంతా వణుకు, లేని పురుగులను చేత్తో ఏరుడు. మంచం మీద ఇద్దరు, కింద చాప మీద ఒకరు. ఎర్రగడ్డ ఓపీ ముందట ఎంత లైన్ ఉండెనో అప్పుడు పేపర్లల్ల అందరూ చూసిన్రు. మా దగ్గర కూడా అదే, చిన్న సైజుల.

ఆ పది రోజులు నాకు అసలు స్ట్రెస్ అనిపించలేదు. నిజం చెప్తున్న. ఆ నిద్రమాత్రల జాతిదే లోరాజిపామ్ వేస్తే మనిషి తెల్లారేసరికి పేరు చెప్తుండె. పని చేసినట్టు కనిపించింది. దుకాణాలు తెరిచిన వారానికి అదే ముఖాలు అదే దుకాణం ముందట కనిపించినయ్. అప్పుడు కూలబడ్డ.

సదరం_సంతకం
నన్నడిగితే పేషెంట్లూ కాదు, మందులూ కాదు. వైకల్యం సర్టిఫికెట్లు. ఏపీలో పనిచేసేవాళ్ళకి అర్థమవుతుంది.

మానసిక వైకల్యం కొలవడానికి ఐడియాస్ స్కేలు. తన పనులు తను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని, పైన ఎన్నేళ్ళ నుంచి జబ్బు అన్నదానికి మార్కులు. మొత్తం 7 వస్తే 40 శాతం, 6 వస్తే లేదు. ఆ ఒక్క మార్కు మీద నెలకు ఆరు వేల పెన్షన్ వేలాడుతూ ఉంటుంది.

ఇరవై ఏళ్ళుగా స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకుని ఒక తల్లి తీసుకొస్తుంది. డాక్టరు దగ్గరికని పొద్దున్నే స్నానం చేయించి, తలకి నూనె రాసి దువ్వి, ఉతికిన చొక్కా వేసి తెస్తుంది. శుభ్రత దగ్గర మార్కు పడదు. వెనకాలే ఇంకొకడు మాసిన గడ్డంతో, చిరిగిన బనీనుతో, చూపు గోడ మీద పెట్టి కూర్చుంటాడు. బయట వాడి బుల్లెట్ బండి ఉంటుంది. ఈలోగా ఫోన్: "మా మనిషే సార్, కాస్త చూడండి." ఎవరి ఫోనో రాయను.

ఇప్పుడు ఆ తల్లికి "రేపొచ్చేటప్పుడు స్నానం చేయించకమ్మా" అని చెప్పాలా? ఒకసారి చెప్పాను. ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

లిథియం_లక్ష్మి
స్నానం ఎవరు చేయించారో అడగాలి సార్. తనంతట తను చేసుకోలేడు అన్నదానికే కదా మార్కు, శుభ్రంగా ఉన్నాడా లేదా అని కాదు.

సదరం_సంతకం
తెలుసండీ. అడుగుతాను. క్యాంపులో ఎనభై మంది ఉన్నప్పుడు పదిసార్లు అడుగుతాను, పదకొండోసారి మర్చిపోతాను. ఆ పదకొండో మనిషే రాత్రి గుర్తొస్తాడు. 2025లో పెన్షన్ల రీవెరిఫికేషన్ మొదలయ్యాక రెండువైపులా తిట్లు. ఇస్తే దొంగ సర్టిఫికెట్ డాక్టర్, ఇవ్వకపోతే పేదల పొట్ట కొట్టే డాక్టర్.

విజిటర్_సుబ్బు
నేను డాక్టర్ని కాదు, మామూలు పేషెంట్ని. డిప్రెషన్‌కి మూడేళ్ళు మందులు వాడాను. ఇది చదివాక మా డాక్టర్ గారు ఎప్పుడూ గడియారం వైపు ఎందుకు చూస్తారో అర్థమైంది. అప్పట్లో కోపం వచ్చేది. ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. మీరంతా మాకు చెప్పేది "లోపల పెట్టుకోకు, ఎవరికైనా చెప్పుకో" అనే కదా. మీరెవరికి చెప్పుకుంటారు?

ఎముకల_రాజు
సుబ్బు గారూ, ఒక్క ప్రశ్నతో అందరి నోళ్ళూ మూయించారు. అరగంట నుంచి రిప్లై లేదు.

ఓపీ_చీటీ
మా గది గోడ మీద టెలిమానస్ (మానసిక సహాయానికి ఫోన్ లైను) 14416 పోస్టర్ ఉంది. రోజూ ఆ నంబరు పేషెంట్లకి రాసిచ్చేది నేనే. నేను చేస్తే అవతల ఫోన్ ఎత్తేది నా జూనియర్ అయినా కావచ్చు. "సార్, మీరా" అంటాడు. తర్వాత ఇద్దరం చచ్చినట్టు కాన్ఫరెన్స్ గురించి మాట్లాడుకుంటాం.

ఇంట్లో పెద్దదిక్కు అమ్మ. ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి మావాడు "నరాల డాక్టర్" అనే చెప్తుంది.

లిథియం_లక్ష్మి
నరాల డాక్టర్ నయం. మా పెళ్ళిచూపుల్లో "పిచ్చాసుపత్రిలో ఉంటుందట పిల్ల" అని లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. డ్యూటీకా, ట్రీట్‌మెంట్‌కా అని కూడా అడగలేదు.

సోషల్_ఫోబియా
రెండేళ్ళ క్రితం నాకు నేనే మందు రాసుకున్నాను. మొదట డిప్రెషన్ మందు ఎస్సిటలోప్రామ్ శాంపిల్స్. తర్వాత నిద్ర కోసం క్లోనజెపామ్ పావు మాత్ర. పావు అర అయింది, అర ఒకటైంది. మెడికల్ రెప్ వచ్చి "సార్, ఇంకో రెండు స్ట్రిప్పులు పెట్టనా" అన్నరోజు నాకు చెమటలు పట్టాయి, వాడికి తెలిసిపోయిందేమోనని.

ఆఖరికి వంద కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్ళో ఒక సీనియర్ దగ్గరికి వెళ్ళాను. ఫోన్ చేస్తే నేరుగా లోపలికి పిలిచేవారు, కానీ కావాలనే టోకెన్ తీసుకున్నా. 34వ నంబరు. బెంచీ మీద పక్కనున్నాయన నన్ను అదేపనిగా చూసి, "మీరు ఫలానా ఆసుపత్రి సార్ కదా... మీక్కూడానా?" అన్నాడు. అవునన్నాను. ఆయన మూడేళ్ళ క్రితం నా పేషెంటే. "మంచి డాక్టరేనండి, కాకపోతే కోప్పడతారు, మందులు మానొద్దు" అని నాకు ధైర్యం చెప్పాడు. ఇప్పుడు క్లోనజెపామ్ లేదు. మిగతా మందు తగ్గిస్తున్నారు.

భ్రమర_సైకాలజీ
పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, అందులో మన పెరట్లో మనమే చెట్టు. ఇది రాయడానికి మీకు ఎంత పట్టిందో ఊహించగలను.

విజిటర్_సుబ్బు
"మందులు మానొద్దు" 😀 ఆయనకి దండం.

డాక్టర్_గారి_ఇంటావిడ
నేను డాక్టర్ని కాను, డాక్టర్ భార్యని. మావారు కూడా ఇదే శాఖ. ఈ గోల మీరే పడుతున్నట్టు రాస్తున్నారు కాబట్టి ఈ పక్కది కూడా వినండి.

సాయంత్రం కారు లోపలికి వచ్చిన చప్పుడు వినపడుతుంది. ఇంజన్ ఆగుతుంది. తలుపు తీసిన చప్పుడు మాత్రం పది నిమిషాల వరకు రాదు. మొదట్లో ఫోన్లో మాట్లాడుతున్నారేమో అనుకున్నా. ఒకరోజు కిటికీలోంచి చూస్తే స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ఊరికే గోడ వైపు చూస్తున్నారు. లోపలికొచ్చాక నవ్వుతారు, పిల్లల్ని పలకరిస్తారు, అన్నీ చేస్తారు. ఆ నవ్వు ఆసుపత్రిది. నాకు తేడా తెలీదా?

ఏమైందంటే "ఏం లేదు, కాన్ఫిడెన్షియల్" అంటారు. పేషెంట్ పేరు నాకెందుకు? నీకేమైంది అని కదా అడిగింది. పేషెంట్ సంగతి రహస్యమే, మీ సంగతి కూడా రహస్యం అని ఏ చట్టంలో రాశారు?

ఇప్పుడు నేనే ఒక పని చేస్తున్నా. చప్పుడు వినపడగానే రెండు కప్పుల టీ పట్టుకెళ్ళి కారులో పక్క సీట్లో కూర్చుంటా. ఏమీ అడగను. ఒక్కోరోజు ఏదో చెప్తారు, ఒక్కోరోజు టీ తాగి లోపలికొస్తాం.

ఓపీ_చీటీ
మేడమ్, ఈ పోస్టు మా ఆవిడకి చూపించకూడదని నిర్ణయించుకున్నా. తర్వాత చూపించాను.

లీడ్స్_తెలుగోడు
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఓపీ నూట పది ఉండదు, దానికి బదులు కాగితం ఉంటుంది. మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 3 కింద మనిషిని, తను వద్దన్నా, వార్డులో ఉంచితే, ఆయన ట్రిబ్యునల్‌కి అప్పీలు చేస్తాడు. ఆయన ఎదురుగానే కూర్చుని "ఈయన్ని ఇంటికి పంపితే ప్రమాదం" అని నేను వాదించాలి. మర్నాడు వార్డు రౌండ్‌లో అదే మనిషికి గుడ్‌మార్నింగ్ చెప్పాలి. పదేళ్ళయినా అది నాకు అలవాటు కాలేదు.

ఒక మంచి సంగతి మాత్రం చెప్పాలి. ట్రైనింగ్‌లో బాలింట్ గ్రూపు అని కూర్చోబెడతారు. 1950ల్లో లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ మామూలు ఫ్యామిలీ డాక్టర్లతో మొదలుపెట్టింది. వారానికో గంట, ఏడెనిమిది మంది. ఒకరు నోట్స్ చూడకుండా ఒక పేషెంట్ గురించి చెప్పాలి. డయాగ్నోసిస్ కాదు, ఆ మనిషి గదిలోకొస్తే నాకు ఏమవుతుంది అన్నది. తర్వాత తన కుర్చీ వెనక్కి జరుపుకుని నోరు మూసుకోవాలి. మిగతావాళ్ళు ఆ పేషెంట్ గురించి, డాక్టర్ గురించి మాట్లాడుకుంటారు. మనం వింటాం. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి ఏడుపొచ్చింది.

సదరం_సంతకం
ఏడెనిమిది మంది సైకియాట్రిస్టులు ఒక గదిలోనా? మాకు మూడు జిల్లాలు కలిపినా అంతమంది రారు సార్.

నైట్‌డ్యూటీ_పీజీ
వారానికో గంట కూడా ఎక్కడిది. 1992లో రెసిడెంట్లకి వారానికి 48 గంటలని కేంద్రం రాసింది. 2024లో ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) టాస్క్‌ఫోర్స్ 74 మించొద్దు, వారానికో రోజు సెలవు అని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్ళలో మా హక్కులు 26 గంటలు పెరిగాయి. మా యూనిట్‌లో 74 అంటే గురువారానికే అయిపోతుంది.

రిటైర్డ్_సివిల్‌సర్జన్
అందరూ రాశారు గానీ ఒక్క విషయం దగ్గరికి ఎవరూ రావట్లేదు. నేనే రాస్తాను. నాకు డెబ్బై రెండేళ్ళు, ఇక దాచుకునేది లేదు. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

1990లలో ఒక కుర్రాడు, ఇంజనీరింగ్ చదివేవాడు. నా దగ్గర ఎనిమిది నెలలు వైద్యం. తగ్గింది. నవ్వేవాడు. "ఇక నెలకోసారి రా" అన్నాను. ఆ నెల తిరక్కుండానే పోయాడు. ఆత్మహత్య.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళ నాన్న ఓపీకి వచ్చాడు. చీటీ రాయించుకుని, లైన్లో నిలబడి, తన వంతు వచ్చాకే లోపలికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. సంచీలోంచి ఒక కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. మిగిలిపోయిన మాత్రలు. "ఖరీదైనవి కదండీ, ఎవరైనా లేనివాళ్ళకి ఇవ్వండి" అన్నాడు. నేను "సరే" అన్నాను. ఆ ఒక్క మాటే. తర్వాతి చీటీ పిలిచారు. చూశాను. ఆరోజు ఇంకా నలభై మందిని చూశాను.

ఇంట్లో చెప్పలేదు. తోటివాళ్ళకి చెప్తే "నువ్వేం చేస్తావోయ్" అనేవారు, లేదా కేసు కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని అడిగేవారు. రెండూ నాకు అక్కర్లేదు. తర్వాత ఏడాదిపాటు కాస్త దిగులుగా ఉన్న ప్రతివాణ్ణీ అడ్మిట్ చేశాను. నవ్వితే మరీ భయం.

నా సలహా ఏమీ లేదు. ఇలా ఎంతమందికి ఉందో తెలుసుకోవాలని ఉంది.

లిథియం_లక్ష్మి
నాకు ఒకరు. 2017.

కల్లుదుకాణం_బాధితుడు
ఇద్దరు సార్. రెండో ఆమె పేరు నా బిడ్డ పేరే.

లీడ్స్_తెలుగోడు
ఒకరు. కరోనర్ (ఇలాంటి మరణాలను విచారించే అధికారి) విచారణలో వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడ రాయల్ కాలేజీ (సైకియాట్రిస్టుల సంస్థ) వాళ్ళకి సైకియాట్రిస్టుల కోసమే ఒక ఫోన్ సహాయం ఉంది, అప్పుడు వాడుకున్నాను.

సోషల్_ఫోబియా
ఒకరు. నా మాత్రలు అక్కడే మొదలయ్యాయి. ఇందాక అది రాయలేదు.

నియమం_ప్రకారం
అందరికీ ఒక మాట. పేరు లేకపోయినా, వివరాలు మార్చినా, పేషెంట్ల సంగతులు ఇలా బహిరంగంగా రాయడం తప్పు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత గురించి స్పష్టంగా ఉంది. ఎవరి కుటుంబమైనా ఇది చదివితే?

సదరం_సంతకం
మీరన్నది సరైనదే. మరి ఎక్కడ చెప్పుకోవాలో కూడా ఆ చట్టంలో రాసుంటే బాగుండేది.

నియమం_ప్రకారం
దానికి జవాబు నా దగ్గర లేదు. నాకూ ఒకరున్నారు. అంతకంటే రాయను.

విజిటర్_సుబ్బు
రిటైర్డ్ సార్ గారూ, పేషెంట్ వైపు నుంచి చెప్తున్నా. నేనూ ఒకప్పుడు ఆ అంచు దాకా వెళ్ళి వచ్చినవాణ్ణే. మా డాక్టర్ గారికి మేం గుర్తుంటామని అనుకోలేదు. ఎల్లుండి అపాయింట్‌మెంట్ ఉంది.

రిటైర్డ్_సివిల్‌సర్జన్
ఉంటారు బాబూ. తప్పకుండా వెళ్ళు.

ఓపీ_చీటీ
గది లేకపోయినా ఫోన్లున్నాయి కదా. లీడ్స్ గారు చెప్పిన పద్ధతి ఫోన్లో చేద్దామా? ఆదివారం రాత్రి తొమ్మిదికి, గంట. చెప్పినవాళ్ళు తర్వాత మ్యూట్‌లో పెట్టుకోవాలి, అదే కుర్చీ వెనక్కి జరపడం. పేషెంట్ల పేర్లు, ఊర్లు వద్దు. రికార్డింగ్ వద్దు. నియమం గారూ, మీరు ఒప్పుకుంటే ఆ నిబంధనలు మీరే రాయండి.

నియమం_ప్రకారం
రాస్తాను. ఎవరో ఒకరు గ్రూపు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు ఉండాలి, లేకపోతే అది కబుర్లవుతుంది, లేదా ఒకరినొకరు తప్పుపట్టుకోవడమవుతుంది.

లీడ్స్_తెలుగోడు
మొదటి నాలుగు వారాలు నేను నడుపుతాను. మీకు తొమ్మిదంటే నాకు మధ్యాహ్నం మూడున్నరో నాలుగున్నరో, ఆదివారం నేను ఆలస్యంగా అన్నం తినే టైము. నమలడం వినిపిస్తే క్షమించండి.

నైట్‌డ్యూటీ_పీజీ
నేను డ్యూటీలో ఉంటా. వార్డు ప్రశాంతంగా ఉంటే చేరతా. లేకపోతే రాజు గారికి పంపడానికి ఫొటో తీస్తా.

సదరం_సంతకం
ఈ ఆదివారం నాకు కుదరదు, సోమవారం క్యాంపు. 90 మంది పేర్లతో లిస్టు ఇప్పుడే వాట్సాప్‌లో వచ్చింది. లిస్టు కింద ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి, ఎవరు ఎవరి మనిషో తెలియడానికి.

డాక్టర్_గారి_ఇంటావిడ
భార్యలకి, భర్తలకి వేరే గ్రూపు ఏమైనా పెడుతున్నారా?

లిథియం_లక్ష్మి
పెడితే మా వారిని ముందు చేర్చుకోండి. హిస్టరీ ఆయనే చెప్పేస్తారు, మీరేమీ అడగక్కర్లేదు.

ఓపీ_చీటీ
తొమ్మిది కాదు, తొమ్మిదిన్నర చేద్దామా? తొమ్మిదికి పాప పడుకునే టైము. ఆ బెంచీ గొడవ ఇంకా తేలలేదట, మళ్ళీ మొదటి నుంచి చెప్తానంటోంది.